కాదనే వీలున్నవాళ్లు నలుగురు

చావు దగ్గరపడిన ఇల్లాలు ఇంట్లో పనిచేసే మనిషిని మంచం దగ్గరికి పిలిచి ఏం చెబుతుంది? పిల్లని కనిపెట్టుకుని ఉండమంటుందనో, ఇల్లు జాగ్రత్త అంటుందనో అనుకుంటాం. 1928లో వచ్చిన ‘ది ఫార్మర్స్ వైఫ్’ అనే మూకీ సినిమాలో స్వీట్‌ల్యాండ్ గారి భార్య చివరిగా చెప్పేది, అయ్యగారి డ్రాయర్లు ఆరబెట్టడం మర్చిపోవద్దని. అంతే, ఆవిడ పోతుంది. తర్వాత ఆ డ్రాయర్లు తీగమీద గాలికి ఊగుతాయి, చలి వచ్చాక పొయ్యి ముందు వేడెక్కుతాయి. ఏళ్లు గడిచాయని చెప్పడానికి దర్శకుడికి క్యాలెండరు కాగితాలు ఎగరేసే అవసరం రాలేదు.

ఆ దర్శకుడు, తర్వాత సస్పెన్స్ సినిమాలకి మారుపేరైన ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. అప్పటికింకా ముప్ఫై నిండలేదు. హత్య లేదు, కత్తి లేదు, మెట్లమీద నీడ లేదు. ఇంగ్లండ్‌లో నైరుతి మూలనున్న డెవన్ ప్రాంతంలో, నడివయసు రైతు ఒకాయన రెండో పెళ్లికి నలుగురిని అడిగి, నలుగురి చేతా కాదనిపించుకుని, చివరికి ఇంట్లో పనిచేసే మింటానే చేసుకునే కథ. ఏళ్ల తర్వాత ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో కూర్చుని తన సినిమాలన్నిటి గురించీ మాట్లాడినప్పుడు హిచ్‌కాక్ దీనికి పెద్ద విలువేమీ ఇవ్వలేదు. కెమెరామన్ జాక్ కాక్స్‌కి జబ్బు చేస్తే లైటింగు తానే చూసుకున్న ముచ్చట మాత్రం చెప్పుకున్నాడు.

ఒక స్నేహితుడు ‘హాయిగా నవ్వుకునే పల్లెటూరి పెళ్లిగోల’ అని చెప్పగా పెట్టాను. మా అమ్మ పక్కనే ఉంది. మూకీ కాబట్టి ఆవిడకి ఇంగ్లీషుతో పేచీ లేదు, మధ్యలో వచ్చే అక్షరాల పలకలు నేను చదివి చెబుతూ వచ్చాను. పెళ్లికూతుళ్ల జాబితా రాసే ఘట్టం రాగానే, “ఆ రాసే పిల్లనే చేసుకుంటాడు చూడు. ఇంకెవరొస్తారు?” అంది. చివర అలాగే జరిగాక, లేచి వెళ్తూ, “పోనీలే, జీతం మిగిలింది” అంది. ఆవిడకి అది మామూలు మాటే. నాకు మాత్రం అప్పటిదాకా నవ్వుతూ చూసిందంతా మళ్లీ మొదటినుంచి చూడాలనిపించింది.

రెండోసారి చూశాక నాకు తోచింది ఇది. ఆ నలుగురూ కాదనగలిగారు, ఎందుకంటే ఎవరి నీడ వాళ్లకుంది. మింటాకి లేదు. ఈ కథలో ‘నో’ అనడానికి వీల్లేని ఒకే ఒక్క ఆడమనిషి దగ్గర ‘ఎస్’ పుచ్చుకుని, దాన్ని శుభం కార్డుగా వేశారు. అయినా సినిమాకి ఈ సంగతి తెలియదని నేననుకోను.

జాబితా

కూతురి పెళ్లయిపోతుంది. పందిట్లో సందడి సద్దుమణిగాక స్వీట్‌ల్యాండ్‌కి ఒంటరితనం తెలిసొస్తుంది. పొయ్యికి అటూ ఇటూ రెండు కుర్చీలుంటాయి, ఒకటి ఖాళీ. మళ్లీ పెళ్లి చేసుకుందామనుకుంటాడు. మింటాని పిలుస్తాడు. ఇద్దరూ కూర్చుని ఊళ్లో తగినవాళ్లెవరా అని పేర్లు రాస్తారు, పెన్సిలు పట్టుకునేది మింటా. ఒక్కో పేరుకీ ఒక్కో మనిషి ఆ ఖాళీ కుర్చీలో ప్రత్యక్షమై, ఆయన ఆలోచన మారగానే మాయమవుతుంది. కెమెరా ట్రిక్కు చిన్నదే కానీ దెబ్బ గట్టిది. వచ్చే మనిషి ఎవరైనా సరే, కుర్చీ మాత్రం మారదు.

మింటాని వదిలేసి ఈ జాబితాని చూస్తే సరదాగానే ఉంటుంది. మింటా వైపు నుంచి చూడండి. ఆ ఇంట్లో తిండి, పడక, జీతం అన్నీ ఆమెకి పనితోనే వస్తాయి. కొత్త ఇల్లాలు వచ్చిన రోజున తన అవసరం ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. పైగా మనసులో ఆయనంటే ఇష్టం. అలాంటి మనిషి తన చేత్తోనే తన ఉద్వాసన కాగితం రాస్తోందన్నమాట. మింటా వేషం వేసిన లిలియన్ హాల్-డేవిస్ ఈ ఘట్టంలో ఏడవదు, నిట్టూర్చదు. కొంచెం ఆగి, రాస్తుంది.

అప్పటి బ్రిటన్‌లో ఆడవాళ్లు చేసే కొలువుల్లో అన్నిటికంటే పెద్దది ఇళ్లల్లో పనే. 1920లో నిరుద్యోగ బీమాని దాదాపు కార్మికులందరికీ వర్తింపజేస్తూ చట్టం తెచ్చినప్పుడు ముఖ్యంగా ఇద్దరిని పక్కనబెట్టారు: పొలం కూలీలని, ఇళ్లల్లో పనిచేసేవాళ్లని. అంటే మింటా రేపు పని పోగొట్టుకుంటే సర్కారు నుంచి వారానికిన్ని షిల్లింగులు కూడా రావు. ఓటు సంగతీ అంతే. 1918లో ముప్ఫై దాటిన ఆడవాళ్లకి ఓటిచ్చారు గానీ, సొంతంగానో భర్త తరఫునో ఇల్లో భూమో ఉండాలన్నారు. యజమాని ఇంట్లో తలదాచుకునే పనిమనిషికి ఆ లెక్కలో చోటు లేదు. ఈ సినిమా జనం ముందుకొచ్చిన 1928లోనే, జులైలో, మగవాళ్లతో సమానంగా ఇరవై ఒకటి నిండిన ఆడవాళ్లందరికీ ఓటు వచ్చింది. జాబితాలోని వితంతువు విండియట్ గారికి ఓటు ఎప్పుడో వచ్చి ఉంటుంది. జాబితా రాసిన మింటాకి అదే మొదటిసారి.

కాదన్న తీర్లు

లూయీజా విండియట్ సొంత ఆస్తిపాస్తులున్న వితంతువు. నక్కల వేటంటే సరదా. స్వీట్‌ల్యాండ్ ఆమె ఇంటికి వెళ్తాడు, పెళ్లి నిశ్చయమైపోయినట్టే. ఆయన నడకలోనే ఉంటుంది ఆ ధీమా, సంతలో మేలిరకం ఆవు తనకే వస్తుందని తెలిసిన బేరగాడిలా. ఆవిడ నవ్వుతుంది. తన స్వతంత్రం తనకి ఇష్టమని, ఆయనకి కావలసిన భార్య తాను కాలేనని చెబుతుంది. ఇక్కడ ఒక సందేహం రావచ్చు: పెళ్లయినా ఆడవాళ్ల ఆస్తి ఆడవాళ్లదేనని 1882లోనే చట్టం వచ్చింది కదా, ఆవిడకి పోయేదేముంది? నిజమే, కాగితం మీద ఏమీ పోదు. పొద్దున్నే ఏ గుర్రం ఎక్కాలో ఎవరినీ అడగక్కర్లేని స్థితి పోతుంది. ఆ తేడా ఆవిడకి తెలుసు. చట్టం గురించి నాలాంటివాళ్లు చెప్పాల్సిన పనిలేదు.

ఆ తర్వాత థిర్జా ట్యాపర్. పెళ్లి కాలేదు, వయసు మళ్లింది, సొంత ఇల్లుంది, పనిపిల్ల ఉంది, ఇంట్లో టీ పార్టీ ఇస్తోంది. అతిథులకంటే ముందే దిగబడి స్వీట్‌ల్యాండ్ సంగతి తేల్చేస్తాడు. ఆమె చేతిలో జెల్లీ పళ్లెం. మాట వినగానే ఆమె వణుకుతుంది, జెల్లీ ఆమెకంటే ఎక్కువ వణుకుతుంది. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన క్షణం అది. సంభాషణ లేకుండా భయం, పరువు, కొంచెం ఆనందం కూడా, అన్నీ ఆ పళ్లెంలోకి వచ్చేశాయి. ఈ పాత్ర వేసిన మాడ్ గిల్, ఈ సినిమాకి మూలమైన నాటకంలోనూ థిర్జాయే. స్టేజీమీద ఈవిడ ఎలా మాట్లాడేదో మనకి దొరకదు. మాట తీసేశాక కూడా ఇంత మిగిలిందంటే, నటి అంటే అదీ.

మూడో మనిషి మేరీ హెర్న్, ఊరి పోస్టాఫీసు నడిపే ఆవిడ. ఒళ్లున్న మనిషి, చిన్నపిల్లలు పెట్టుకునే తరహా టోపీ. ఆమె స్వీట్‌ల్యాండ్ వయసుని వెక్కిరిస్తుంది. ఈయన ఊరుకోకుండా ఆమె వయసుని, వేషాన్ని ఎత్తిపొడుస్తాడు. ఆమె హిస్టీరియాలోకి వెళ్తుంది. ఈ ఘట్టం నవ్వించడానికే తీశారు. నాకు నవ్వు రాలేదు. అప్పటిదాకా ఆయన మీద ఉన్న హాస్యం ఆమె శరీరం మీదికి మళ్లింది, అదీ అన్యాయంగా. నాలుగో పేరు మెర్సీ బాసెట్, సత్రం బార్‌లో పనిచేసే ఆమె. మూడుసార్లు భంగపడ్డాక ఇంక వెళ్లనని స్వీట్‌ల్యాండ్ భీష్మించుకుంటే, వెళ్లమని నచ్చజెప్పి పంపేది ఎవరనుకున్నారు? మింటాయే.

నలుగురి దగ్గరా ఉన్నదేమిటో చూడండి: ఒకరికి ఆస్తి, ఒకరికి ఇల్లు, ఒకరికి పోస్టాఫీసు, ఒకరికి బయట ఉద్యోగం. 1921 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ రెండిట్లో కలిపి మగవాళ్లకంటే ఆడవాళ్లు సుమారు 17 లక్షలు ఎక్కువ తేలారు. మొదటి ప్రపంచ యుద్ధం మింగేసిన కుర్రవాళ్లు పోగా మిగిలిన ఆడవాళ్లని ‘మిగులు’ అని పత్రికలు రాసేవి. అలాంటి రోజుల్లో పొలం, పశువులు, మంచి ఇల్లు ఉన్న రైతు వాకిట్లోకి వచ్చి అడిగితే ఎగిరి గంతేస్తారనే కదా స్వీట్‌ల్యాండ్ ధీమా. సినిమా చూస్తున్నవాళ్లలో చాలామందిదీ అదే ధీమా అయ్యుంటుంది. ఆ ధీమాని నాలుగుసార్లు పగలగొట్టడమే ఈ హాస్యానికి ఇంధనం.

మాటలు తీసేస్తే ఏం కనిపించింది

ఈ నాటకం రాసిన ఈడెన్ ఫిల్‌పాట్స్ పుట్టింది మన దేశంలోనే, 1862లో, మౌంట్ ఆబూలో. తండ్రి ఇక్కడ సైన్యంలో అధికారి. పెరిగింది, రాసింది మాత్రం డెవన్‌లో. డార్ట్‌మూర్ బీడు భూముల మీద వరసగా నవలలు రాశాడు. తర్వాత డిటెక్టివ్ నవలలకి పేరుపడ్డ పక్కింటి అమ్మాయి అగాథా క్రిస్టీ రాసుకున్న తొలి రాతలు చూసి ప్రోత్సహించిన పెద్దమనిషి కూడా ఈయనే. నాటకాన్ని మొదట 1916లో బర్మింగ్‌హామ్ రెపర్టరీ థియేటర్ వాళ్లు ఆడారు. 1924లో లండన్ కోర్ట్ థియేటర్‌కి వచ్చాక 1,300కి పైగా ప్రదర్శనలు. అంత ఆడటానికి పెద్ద కారణం డెవన్ యాస. ముఖ్యంగా చర్డిల్స్ ఆష్ అనే ముసలి పాలేరు పెళ్లిళ్లని, ఆడవాళ్లని తిట్టిపోసే మాటలు.

మరి యాసమీద బతికిన నాటకాన్ని మూకీ తీయడమేంటి? తెలివితక్కువ పనేననిపిస్తుంది. 1927లో బ్రిటిష్ ప్రభుత్వం థియేటర్లలో ఇంత శాతం స్వదేశీ సినిమాలు ఆడాలని చట్టం చేసింది. పేరున్న నాటకాల మీద కంపెనీలన్నీ పడ్డాయి. ఇదీ ఆ వరసలోదే. కానీ మాట పోయేసరికి ఒక వింత జరిగింది. నాటకంలో అయితే జనం స్వీట్‌ల్యాండ్ ఏమంటాడో, ఆష్ ఏమంటాడో వినడానికి కూర్చుంటారు. మాట్లాడేవాళ్లే కథ. మింటా తక్కువ మాట్లాడే మనిషి. మాట తీసేస్తే తెరమీద మిగిలేది చేతులు, వస్తువులు, పని. పెళ్లి విందుకి వంటింట్లో జరిగే హడావుడి, పొయ్యి, కుర్చీ, డ్రాయర్లు. అక్కడ మింటాదే రాజ్యం. నాటకంలో చర్చగా ఉన్నది సినిమాలో చాకిరీగా కనబడింది. హిచ్‌కాక్ కావాలని చేశాడా అంటే, మొదటి నిమిషాల్లోనే డ్రాయర్ల బాధ్యత ఒక చేతినుంచి ఇంకో చేతికి మారడం చూపించిన మనిషికి ఈ ఊసు లేదనడం కష్టం. భార్య పోయిన గంటకే ఆ పోస్టు భర్తీ అయిపోయింది. జీతం ఉన్న పోస్టు అది, తర్వాత అదీ లేకుండా పోయింది.

ఆష్ గురించి ఒక్కమాట. గోర్డన్ హార్కర్ అద్భుతంగా చేశాడు. థిర్జా ఇంట్లో పార్టీకి తలుపు దగ్గర నిలబెట్టడానికి ఆయనకి కొలత కుదరని కోటు తొడుగుతారు. కిందకి జారే ప్యాంటుతో ఆయన పడే అవస్థ ఇప్పటికీ కడుపుబ్బ నవ్విస్తుంది. పెళ్లిని అంత తిట్టే ఈ ముసలాయన కూడా ఆ ఇంటి తిండి తినే మనిషే, బీమా లేని మనిషే. కానీ ఆయన్ని ఎవరూ పెళ్లాడమనరు, అందుకని నోరు పారేసుకునే హక్కు ఆయనకుంది.

నాకే నచ్చని ఎదురువాదం

ఇదంతా ఇప్పటి కళ్లద్దాలు పెట్టుకుని చూడటమేనని ఎవరైనా అంటే నేను కొట్టిపారేయను. మింటాకి ఆయనంటే ఇష్టమని సినిమా దాచలేదు. చివర ఆయన అడిగే తీరు కూడా మారుతుంది. నలుగురి దగ్గరా ఛాతీ విరుచుకుని నిలబడ్డ మనిషి ఇక్కడ తగ్గి, ఓడి, బతిమాలే గొంతుతో అడుగుతాడు. ఇంతసేపూ మనుషులు వచ్చి మాయమైపోయిన కుర్చీలో మింటా నిజంగా కూర్చుని ఉంటుంది, మాయమవదు. ప్రేమ ఉందా అంటే ఉంది.

మా బంధువుల్లో ఒకావిడ ఉన్నారు. అక్క పోయాక బావగారింట్లో ఉండి పిల్లల్ని చూసుకున్నారు. కర్మ పూర్తయిన కొన్నాళ్లకే పెద్దలు, ఇంటికి ఆడదిక్కు కావాలి, ఈ అమ్మాయినే ఇచ్చేస్తే సరి అనేశారు. అయిపోయింది. బావగారు మంచివాడే, ఆవిడ కాపురం బాగానే జరిగింది. ఒకసారి నేను చనువు కొద్దీ, “అప్పుడు మీకు ఇష్టమేనా పిన్నీ?” అని అడిగాను. కందిపప్పు చెరుగుతున్నారు. చేట ఆపకుండానే, “ఇష్టమే అయ్యుంటుందిరా. అడిగితే గదా తెలిసేది” అన్నారు. కోపం లేదు ఆ మాటలో. మింటాని అడిగారు, అంతవరకు ఆవిడకంటే నయం. కానీ ఇష్టం, గత్యంతరం లేకపోవడం రెండూ ఒకే మనిషిలో కలిసి ఉంటే ఏది ఎంతో విడదీసి చెప్పడం ఆ మనిషికే చేతకాదు. సినిమాకి అసలే చేతకాదు, ఆ ప్రయత్నమూ చేయలేదు.

నా వాదనకి అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. చివర్లో థిర్జా, మేరీ ఇద్దరూ మనసు మార్చుకుని స్వీట్‌ల్యాండ్ ఇంటికి వస్తారు. ఇల్లున్న ఆవిడ, పోస్టాఫీసున్న ఆవిడ. ఎవరి నీడ వాళ్లకుంటే కాదనగలరని పైన అంత గట్టిగా చెప్పానే, మరి వీళ్లెందుకు వచ్చినట్టు? దీనికి నేను రెండు సమాధానాలు అనుకున్నాను. ఒకటి, నాటకానికి చివరంకంలో తలుపు తట్టేవాళ్లు కావాలి కాబట్టి వచ్చారు. అది రంగస్థలపు అవసరం. కానీ ఇది తప్పించుకునే సమాధానం. రెండోది, నీడ ఉన్నంత మాత్రాన ఒంటరితనం ఉండదని కాదు. కాదన్న రాత్రి నిద్రపట్టక వాళ్లు మళ్లీ ఆలోచించుకుని ఉంటారు. అలా ఆలోచించుకునే తీరిక, వచ్చి మాట మార్చుకునే వెసులుబాటు కూడా ఆ నీడ ఇచ్చినవే. మింటాకి ఆలోచించుకోవడానికి ఎన్ని నిమిషాలిచ్చారు? వచ్చిన ఆ ఇద్దరి చేతా స్వీట్‌ల్యాండ్ మింటా పేరున గ్లాసులెత్తిస్తాడు. మేరీకి మళ్లీ హిస్టీరియా. దాంతో ఆ ఇద్దరి ఒంటరితనం జోకైపోతుంది. ఈ చివరి నిమిషాల్లో సినిమా తన మంచితనాన్ని కొంత పోగొట్టుకుంది. మింటా గెలిచిందని మనం సంతోషించాలంటే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పరాభవం పొందాలా?

అయినా సినిమా చూడొద్దని చెప్పను, తప్పకుండా చూడండి. మిగిలి ఉన్న హిచ్‌కాక్ మూకీలు తొమ్మిదిటినీ 2012 నాటికి బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు బాగు చేయించారు, ఇదీ అందులో ఉంది. 1941లో మాటలతో మళ్లీ తీశారు గానీ నా ఓటు మూకీకే. పాత అరిగిపోయిన ప్రింట్లలో లిలియన్ హాల్-డేవిస్ ముఖంలో సగం తెలియదు. ఆమె ముఖం కనబడకపోతే ఈ సినిమాలో సగం లేనట్టే.

నన్ను ఎవరూ అడగలేదు గానీ, స్క్రిప్టు రాసిన ఎలియట్ స్టానార్డ్‌ని ఒక్క మార్పు అడిగేవాణ్ణి. ముగింపు అదే ఉండనివ్వండి, స్వీట్‌ల్యాండ్‌నే చేసుకోనివ్వండి. కాకపోతే ఆయన నాలుగో ఇంటికి వెళ్లిన ఆ మధ్యాహ్నం మింటాకి ఒక ఉత్తరం రావాలి, ఇంకో ఊళ్లో ఇంకో ఇంట్లో పని ఉంది, జీతం కాస్త ఎక్కువ, రమ్మని. ఆమె దాన్ని చదివి యాప్రాన్ జేబులో పెట్టుకుని ఉండగా ఆయన వచ్చి అడగాలి. అప్పుడామె ఒప్పుకుంటే మా అమ్మ లెక్క కూడా తప్పేది. పోస్టాఫీసు ఊళ్లో ఉండనే ఉంది, అది నడిపే మేరీ హెర్న్ కథలో ఉండనే ఉంది, ఆవిడ చేతే బట్వాడా చేయిస్తే ఆవిడకీ హిస్టీరియా కాకుండా వేరే పని దొరికేది.